సోలార్ ప్యానెళ్లకు నానో కోటింగ్ వేయిస్తే లాభమా? (పిడుగురాళ్ల, సున్నపు దుమ్ము)

పల్నాడు_డాబా అడిగిన ప్రశ్న:

పిడుగురాళ్లలో డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు 6 ఉన్నాయి. మొత్తం 3.24 కిలోవాట్లు, స్ట్రింగ్ ఇన్వర్టర్ (వరుసగా కలిపిన ప్యానెళ్లన్నిటికీ ఒకటే). బిగించి ఏడాదిన్నర. కొత్తలో మంచి ఎండ రోజున 13 యూనిట్లకు తగ్గేది కాదు, ఇప్పుడు 10.5 దాటట్లేదు. చుట్టూ సున్నపు బట్టీలు. గాజు మీద తెల్లటి పొర పేరుకుంటోంది, కింది అంచున అయితే గట్టిపడి గోరుతో గీకినా ఊడట్లేదు. కడిగేది బోరు నీళ్లతో, అవి సబ్బు నురగ కూడా సరిగా రానంత కఠినం.

ఒక ఏజెంట్ వచ్చి నానో కోటింగ్ వేస్తే దుమ్ము అంటదు, ప్యానెల్ చల్లబడుతుంది, కరెంటు 15 శాతం ఎక్కువ వస్తుంది అంటున్నాడు. ప్యానెల్‌కి 1,200 చొప్పున ఆరింటికి 7,200 రూపాయలు. వేయించమంటారా?

ఇంకోటి. పక్కనే ఉన్న సోలార్ వాటర్ హీటర్‌లో ఒక ట్యూబు కింది కొసన వెండి రంగు పోయి పాలలా తెల్లబడింది. దానికి కూడా ఏదైనా కోటింగ్ పూయొచ్చా?

---

స్ట్రింగ్_మీటర్:

వేయించకండి. మీ ప్యానెల్ గాజుకు ఫ్యాక్టరీలోనే ఒక కోటింగ్ ఉంది. మామూలు గాజు పైముఖం నుంచి దాదాపు 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది. అది తగ్గించడానికి సన్నటి రంధ్రాలున్న సిలికా పొర, సుమారు వంద నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు) మందంతో వేసి, గాజును టెంపర్ చేసేటప్పుడే కాల్చి పట్టిస్తారు. దీన్నే ఏఆర్ కోటింగ్ అంటారు. దీనివల్ల వచ్చే లాభం 2 నుంచి 3 శాతం, అది మీకు ఇప్పటికే అందుతోంది. మీ డేటాషీట్‌లో 'ఏఆర్ కోటెడ్ టెంపర్డ్ గ్లాస్' అని ఉందేమో చూడండి. గాజును ఏటవాలుగా చూస్తే లేత ఊదా మెరుపు కనబడుతుంది.

ఆ రంధ్రాల్లో గాలి ఉండబట్టే ఆ పొర పని చేస్తుంది. పైన సిలికోన్ లాంటి ద్రవం పూస్తే రంధ్రాలు పూడి, ఉన్న లాభం కూడా తగ్గొచ్చు. కొన్ని పాలిష్‌లు జిడ్డుగా ఉండి దుమ్మును ఇంకా పట్టుకుంటాయి. పైగా గాజు మీద ఏదైనా పూస్తే వారంటీ ఉంటుందో లేదో తయారీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఏజెంట్ నోటిమాట అక్కడ చెల్లదు.

చల్లబడుతుందన్న మాట నమ్మొద్దు. గాజు తన వేడిని బయటికి వదలడంలో ముందే దిట్ట, అంత పలచని పొర అక్కడ కొత్తగా చేసేదేమీ లేదు. మే నెల మధ్యాహ్నం సెల్ వేడి 65 డిగ్రీలకు పోతుంది. రేటింగ్ ఇచ్చేది 25 దగ్గర. మోనో పెర్క్ రకం సెల్స్‌లో డిగ్రీకి 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకు 14 శాతం పోతుంది. దీన్ని తగ్గించేది ప్యానెల్ కింద గాలి ఆడే ఖాళీ మాత్రమే.

ఇప్పుడు లెక్క. కిలోవాట్‌కి రోజుకు 4 యూనిట్ల చొప్పున మీకు నెలకు సుమారు 390 యూనిట్లు రావాలి. కోటింగ్ నిజంగా 2 శాతం ఇచ్చిందనుకున్నా 8 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఏడాదికి 570 చిల్లర. 7,200 తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది, ఎండకు ఆ పూత అంతకాలం నిలవదు. మీకు తగ్గింది దాదాపు 20 శాతం. దానికి కారణం గాజు మీది సున్నమే అయ్యుంటుంది. ముందు ఆ పని చూడండి.

---

వేడినీళ్ల_మేస్త్రి:

హీటర్ సంగతి చెబుతాను. ఆ ట్యూబు పోయినట్టే, దానికి పూత పని చేయదు. అది గొట్టంలో గొట్టం. రెండు గాజుల మధ్య వాక్యూమ్ ఉంటుంది. ఎండను పీల్చే నల్లటి కోటింగ్ లోపలి గొట్టానికి వాక్యూమ్ వైపు ఉంటుంది కాబట్టి బయట నుంచి దాన్ని తాకలేరు. ఆ కోటింగ్ పడిన వెలుగులో 90 శాతానికి పైగా పీల్చుకుని వేడిని మాత్రం చాలా తక్కువ బయటికి వదులుతుంది. పైన నల్ల పెయింట్ కొడితే ఎండ బయటి గాజు దగ్గరే ఆగి ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కొసన వెండిలా ఉండేది బేరియం పూత. గాలి లోపలికి వస్తే అది తెల్లబడుతుంది, చూడగానే తెలియడానికి అదే గుర్తు.

మార్చడం కష్టం కాదు. ముందు పాత ట్యూబు కొలత తీసుకోండి. ఎక్కువగా 58 మిల్లీమీటర్ల వ్యాసం, 1800 పొడవు ఉంటుంది, 47 వ్యాసం, 1500 పొడవువి కూడా ఉన్నాయి. చల్లనీళ్ల వాల్వు కట్టేసి ట్యాంకు ఖాళీ చేయండి. ట్యూబును మెల్లగా తిప్పుతూ ట్యాంకులోకి పైకి నెట్టి, కింది కొసను హోల్డర్ నుంచి తప్పించి లాగాలి. కొత్తదానికి సిలికోన్ రింగు మార్చి, సబ్బు నీళ్లు రాసి ఎక్కించండి. నూనె రాస్తే రింగు ఉబ్బుతుంది.

ఈ పని పొద్దు పొడవకముందే చేయండి. ఖాళీ ట్యూబు ఎండలో కాగి ఉన్నప్పుడు చల్లనీళ్లు వదిలితే పగులుతుంది. బిగించిన కొత్త ట్యూబులు మధ్యాహ్నానికి పగిలాయని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే.

---

క్లాంప్_చూడు:

ఏజెంట్ పట్టు వదలకపోతే డబ్బు ఇవ్వకముందే ఒక్క ప్యానెల్‌కి వేసి చూపించమనండి. కానీ ఇన్వర్టర్ యాప్‌లో చూసి నిర్ణయించొద్దు. ఆరూ సిరీస్‌లో ఉన్నాయి, ఒకదాని లాభం మొత్తంలో కనబడదు. విడివిడిగా ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంట్ (ప్లస్, మైనస్ నేరుగా కలిపినప్పుడు పారేది) కొలవాలి, అది వెలుగుతో నేరుగా పెరుగుతుంది.

ఇది ఎలక్ట్రీషియన్ పని. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపాలి. కరెంటు పారుతుండగా ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగితే ఆర్క్ (నిప్పు మెరుపు) వస్తుంది. ఐసోలేటర్ ఆపినా పగలు ఆరు ప్యానెళ్ల స్ట్రింగ్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, మర్చిపోవద్దు. మామూలు మల్టీమీటర్ 10 ఆంపియర్ల వరకే. మీ ప్యానెల్ ఇచ్చేది 13, 14. ఫ్యూజు పోతుంది. తీగను చుట్టి పట్టి కొలిచే, డీసీ చదివే క్లాంప్ మీటరే వాడాలి.

కోటింగ్ వేయకముందు రెండు ప్యానెళ్లు కడిగి కొలవండి, వేశాక మళ్లీ రెండూ కడిగి ఒకే నిమిషంలో కొలవండి. కోటింగ్ వేసినదాన్ని మాత్రమే కడిగి, మురికిగా ఉన్న పక్కదానితో పోల్చి చూపించడం ఈ వ్యాపారంలో మామూలు. 15 శాతం నిజమైతే 13 ఆంపియర్లు 15 కావాలి, దాగే తేడా కాదది. 1, 2 శాతం తేడా అయితే మీటర్ చూపే తప్పులోనే కలిసిపోతుంది.

---

పల్నాడు_డాబా:

అందరికీ థ్యాంక్స్ అన్నా. కోటింగ్ వద్దు, సరే. మరి గట్టిపడ్డ సున్నం ఎలా తీయాలి? ఆర్వో నుంచి వదిలేసే నీళ్లు వాడొచ్చా? వంపు సుమారు 6 డిగ్రీలు.

---

స్ట్రింగ్_మీటర్:

ఆర్వో వదిలే నీళ్లు వద్దే వద్దు, అందులో లవణాలు బోరు నీళ్లకన్నా ఎక్కువ. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి, లేదా ఆర్వో శుద్ధి చేసిన తాగే నీళ్లు. 6 ప్యానెళ్లకు 30, 40 లీటర్లు చాలు.

బట్టీ దుమ్ములో కాల్చిన సున్నం ఉంటుంది. రాత్రి మంచుకు తడిసి, తర్వాత గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయిలా గడ్డకడుతుంది. గోడకు వేసిన సున్నం గట్టిపడేది కూడా ఇదే తీరున. తడి సున్నానికి క్షారగుణం ఎక్కువ, రోజుల తరబడి ఉంటే ఏఆర్ పొరను కూడా తింటుంది. అందుకే మీ ఊళ్లో పదిహేను రోజులకోసారి కడగడం సరిపోదు, వారానికోసారి కడగండి. తెల్లవారుజామున మంచుకు దుమ్ము నానే ఉంటుంది, అప్పుడు నీళ్లు తక్కువ పడతాయి. ఎండెక్కాక వేడి గాజు మీద నీళ్లు పోయొద్దు.

ముందు నీళ్లు జల్లి ఐదు నిమిషాలు నాననివ్వండి. మెత్తటి మైక్రోఫైబర్ మాప్‌తో పైనుంచి కిందికి తుడవండి. పొడిగా ఉన్నప్పుడు రుద్దితే దుమ్మే గాజును గీస్తుంది. మొదటి కడుగు బోరు నీళ్లతో చేసినా ఫర్వాలేదు, చివరి కడుగు మాత్రం వాన నీళ్లతో చేసి, ఆరకముందే రబ్బరు వైపర్‌తో లాగేయండి. మచ్చ పడేది నీళ్లు గాజు మీద ఆరినప్పుడే.

కింది అంచు గడ్డకు తెల్ల వెనిగర్, అంతే కొలత నీళ్లు కలిపి గుడ్డ తడిపి ఐదారు నిమిషాలు దాని మీద పెట్టండి. ఫ్రేమ్ మీదికి పారనివ్వకండి, తర్వాత బాగా కడగండి. మొదట ఒక మూల చేసి చూసుకోండి. బాత్రూమ్ యాసిడ్, బట్టల పౌడరు, స్టీలు పీచు ముట్టుకోవద్దు.

మీ అసలు ఇబ్బంది 6 డిగ్రీల వంపు. ఫ్రేమ్ పెదవి గాజు కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది, అక్కడ నీళ్లు నిలిచి బురద ఆరుతుంది. అది అంచు వరుస సెల్స్‌ను కప్పితే బైపాస్ డయోడ్ (నీడ పడ్డ సెల్స్‌ను తప్పించి కరెంటును పక్కదారి పట్టించేది) పని మొదలై ఆ ప్యానెల్ కరెంటులో పెద్ద భాగం పోతుంది. అలా కప్పిన సెల్స్ వేడెక్కుతాయి కూడా. మీ అక్షాంశానికి 15 డిగ్రీల దక్షిణ వంపు సరిపోతుంది. వెనక కాళ్లు ఎత్తించడం కుదరకపోతే అంచుకు తగిలించే నీరు జారే ప్లాస్టిక్ క్లిప్పులు ప్యానెల్‌కి రెండు పెట్టండి.

కడిగే ముందు, కడిగిన మర్నాడు, మబ్బు లేని రోజున ఒకే సమయానికి ఇన్వర్టర్ మీద కిలోవాట్లు రాసుకోండి. కడిగాక కూడా పెరగకపోతే మధ్యాహ్నం గ్రిడ్ వోల్టేజీ ఎక్కువై ఇన్వర్టర్ ఆగుతోందేమో ఎర్రర్ లాగ్ చూడండి.