అప్‌డేట్: బీఎంఐ 29తో మౌంజారో మొదలుపెట్టవచ్చా అన్న ప్రశ్నకు కొనసాగింపు

రక్తపోటు, 29 బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూపే కొలమానం) ఉన్న నేను బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ నేరుగా మొదలుపెట్టవచ్చా అని అడిగినప్పుడు, ముందు ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్యుడిని) కలవమని మీలో చాలామంది సూచించారు. కలిశాను.

ఆయన నడుము చుట్టుకొలత తీసుకుని, మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్నట్లు లెక్క అని చెప్పారు. స్టిరాయిడ్లు, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువును పెంచుతాయి కనుక నా పాత చీటీలన్నీ ఓపికగా చదివారు. నిజానికి పరీక్షలకంటే దీనికే ఎక్కువ సమయం పట్టింది. థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలతోపాటు, గురక ఉన్నందున స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస తీరును చూసే పరీక్ష) కూడా రాశారు.

బీఎంఐ 30 లేకపోయినా, 27 దాటి రక్తపోటు వంటి సమస్య ఉంటే ఈ మందును పరిశీలించవచ్చట. అయితే కుటుంబంలో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక అరుదైన రకం) వచ్చి ఉంటే ఇవ్వరు. పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) గురించి కూడా ప్రత్యేకంగా అడిగారు. నాకు ఆ రెండూ లేవు.

వారానికి 2.5 మిల్లీగ్రాములతో ప్రారంభించాము. ఇది శరీరానికి అలవాటు చేసే మోతాదు మాత్రమే. నాలుగు వారాల తరువాత 5కు పెంచుతారు. వికారం కొంత ఉంది, భరించగలిగినంతే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఖర్చు. ఒక అధ్యయనంలో ఈ మందును 36 వారాలు వాడి ఆపినవారు, ఆ తరువాతి ఏడాదిలో, ఆపినప్పటి బరువుతో పోలిస్తే సగటున 14 శాతం తిరిగి పెరిగారు. కాబట్టి కొనేముందు ఒక నెల ధర కాకుండా కొన్నేళ్ల ధర లెక్కవేసుకోవడం మంచిది.