కేసు చిన్నదే, మరి అబద్ధం? (కానిస్టేబుల్ అటెస్టేషన్ ఫారంపై చర్చ)

ఏటిగట్టు:
మా పెద్దమ్మ కొడుకు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాడు. పంతొమ్మిదేళ్లప్పుడు వినాయక నిమజ్జనం రోజున ఎవరి ట్రాక్టరు ముందు పోవాలన్న కొట్లాటలో వాడి పేరు కూడా ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కింది. మరుసటి ఏడాదే లోక్ అదాలత్‌లో రాజీ పడ్డారు. రెండు వర్గాలూ కలిసి టీ తాగి ఇంటికొచ్చారు. ఇప్పుడు అటెస్టేషన్ ఫారంలో (ఉద్యోగంలో చేరేముందు తన పూర్వాపరాలు రాసిచ్చే కాగితం) ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాడు. స్పెషల్ బ్రాంచ్ (పోలీసు నిఘా విభాగం) విచారణ ఇంకా మొదలుకాలేదు. ఈ మాత్రానికే ఉద్యోగం పోవాలా? పోకూడదని నా వాదన.

పాత రైటరు:
పోవాలి. చాలా ఏళ్లు పోలీస్ స్టేషన్లో రికార్డులు రాసే రైటరుగా చేసి రిటైరయ్యాను. కొట్లాట సంగతి నాకు పట్టదు, మా బ్యాచ్‌లోనే చిన్నప్పుడు తన్నుకోనివాడు లేడు. కానీ రేపు కోర్టు బోనులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పేది ఇతనే. సర్కారుకు రాసిచ్చిన మొదటి కాగితమే ఇలా ఉంటే, ఇతను చెప్పే సాక్ష్యాన్ని ఎవరు నమ్మాలి? దాచినా, తప్పు రాసినా అనర్హులని ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది.

ఏటిగట్టు:
నెట్ సెంటర్లో నింపించాడండీ. అక్కడి కుర్రాడు ‘రాజీ అయిపోయింది కదా, లేదని రాసెయ్యి’ అన్నాడట. వెనక ఇరవై మంది వరుసలో నిలబడి ఉన్నారు.

పాత రైటరు:
లాఠీ ఇచ్చేది నెట్ సెంటర్ కుర్రాడికి కాదు కదా.

మున్సిఫ్ కోర్టు ప్లీడరు:
ఈ తగవు సుప్రీంకోర్టు దాకా ఎన్నోసార్లు వెళ్లింది. 2011లో సందీప్ కుమార్ కేసు చూడండి. ఢిల్లీ హెడ్ కానిస్టేబుల్ పోస్టుకు దరఖాస్తులో కేసు లేదన్నాడు, తరువాత అటెస్టేషన్ ఫారంలో తానే బయటపెట్టాడు. కుర్రతనపు పొరపాటని కోర్టు అతని పక్షానే నిలిచింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్వల్ప నేరాన్ని దాచినా అధికారి మన్నించవచ్చని చెప్పింది. మన్నించి తీరాలని చెప్పలేదు. నిజం రాసినవాడికైనా ఉద్యోగం ఇవ్వాల్సిందే అని కూడా అనలేదు. 2022లో ఒక సీఆర్‌పీఎఫ్ జవాను పెండింగు కేసును దాచాడు, అతని తొలగింపును కోర్టు సమర్థించింది. కాబట్టి మీ తమ్ముడి సంగతి చివరికి తేల్చేది నియామక అధికారే.

వర్జీనియాలో తెనాలి:
అమెరికాలో రహస్య పత్రాలు చూసే ఉద్యోగానికి 86వ నంబరు ఫారం నింపాలి, వంద పేజీలు దాటుతుంది. అర్హత తేల్చడానికి 13 మార్గదర్శకాలు పెట్టుకున్నారు, ‘వ్యక్తిగత ప్రవర్తన’ వాటిలో ఒకటి. ఎప్పుడో గంజాయి తాగానని ఒప్పుకున్నవాడు గట్టెక్కవచ్చు. అదే సంగతి దాచి దొరికినవాడికి చాలా కష్టం. అయితే ఎవరూ నిలదీయకముందే తనంతట తాను వెంటనే దిద్దుకుంటే, అది అతనికి అనుకూలంగా లెక్కకు వస్తుంది. ఆ వెసులుబాటును అక్కడ రాసిపెట్టారు. మన ఫారాల్లో హెచ్చరికే తప్ప అలాంటి దారి చూపలేదు.

పాత రైటరు:
దారి చూపిస్తే అందరూ ముందు ‘లేదు’ అని రాసి, స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఊళ్లోకి వచ్చాక దిద్దుకుంటారు.

వర్జీనియాలో తెనాలి:
వచ్చాక దిద్దితే చెల్లదు. అసలు షరతే అది.

పాత రైటరు:
వాళ్ల బండి కంటే ముందే కబురు వస్తుందండీ ఊళ్లోకి. అన్నేళ్లు నేను చూసిందే.

ఏటిగట్టు:
వాడితో ఇప్పుడే మాట్లాడాను. రేపు ఉదయం లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) నకలు తీసుకుని ఎస్పీ కార్యాలయానికి వెళ్తానన్నాడు. అర్జీలో ‘తెలియక రాశాను’ అనాలా, ‘భయపడి రాశాను’ అనాలా అని అడుగుతున్నాడు.

పాత రైటరు:
తెలియక అంటే అది రెండో అబద్ధం. భయపడ్డానని రాయమనండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, ఏడాది తప్పకుండా వేయాలి. అర్జీ ఇచ్చాక రసీదు మీద ముద్ర పడేదాకా అక్కడి నుంచి కదలవద్దనండి.