అప్‌డేట్: అమ్మానాన్నలతో పెట్‌వర్త్ హౌస్ చూసొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో లండన్ నుంచి ఒక్కరోజులో ససెక్స్‌లోని పెట్‌వర్త్ హౌస్ (పార్కు మధ్య ఉన్న పాతకాలపు పెద్ద భవనం) చూడగలమా, ముందు ఇల్లా, తోటా అని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్టే ముందు ఇల్లు చూశాం. పుల్‌బరో దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు.

నాన్న వడ్రంగం చేసినవారు. కార్వ్‌డ్ రూమ్‌లోంచి ఆయన్ని కదిలించలేకపోయాం! 1690లలో గ్రిన్లింగ్ గిబ్బన్స్ లైమ్ కలపలో (మన నిమ్మచెట్టు కాదు) చెక్కిన పూలు, పిట్టలు, వాద్యాలు గోడలనిండా ఉన్నాయి. "ఈ రేకు ఇంత పల్చగా ఎలా తీశాడురా?" అని మళ్లీ మళ్లీ అడిగారు.

ఆ గదిలోనే ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ గీసిన సూర్యాస్తమయం ఉంది: చెరువు, పోట్లాడుకునే దుప్పులు. కిటికీలోంచి చూస్తే అదే పార్కు. అమ్మ బొమ్మనీ బయటనీ మార్చి మార్చి చూసింది. 1750లలో కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల రూపశిల్పి వాగుకు కట్ట వేయించి చేయించిన చెరువట, సహజంగా ఏర్పడిందనే అనుకున్నాం.

పార్కు దాదాపు 700 ఎకరాలు, అంతా తిరగలేదు. అమ్మ బెంచీ మీద కూర్చుని దుప్పుల మందను చూస్తూ ఉండిపోయింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇంటికే ఎక్కువ సమయం ఉంచుకోండి. దారి చెప్పిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.