ఆగిపోయిన షాపింగ్ కాంప్లెక్స్‌లో షాపు: రెరాలో వాపసు అడగాలా, వడ్డీ అడగాలా?

హైదరాబాద్‌లో కడుతున్న ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో మా అక్కావాళ్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో చిన్న షాపు బుక్ చేశారు. బావ స్వయంగా బట్టల కొట్టు నడుపుకోవాలని. అగ్రిమెంట్ రిజిస్టర్ అయింది, డబ్బు చాలావరకు కట్టేశారు. 2022 డిసెంబర్‌కల్లా అప్పగించాలి. ఇప్పటికీ రెండో స్లాబ్ దగ్గరే ఆగింది. ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి, సెల్లార్‌లో వాననీళ్లు నిలిచి నాచు పట్టింది. బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "దసరా తర్వాత మొదలుపెడతాం" అంటారు. ఏ దసరానో చెప్పరు. అక్క బ్యాంకు ఈఎమ్‌ఐ టెన్షన్‌తో సరిగ్గా నిద్రపోవడం లేదు, చూడలేకపోతున్నాను.

2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 18వ సెక్షన్ చదివాను. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే వడ్డీతో సహా డబ్బు వాపసు, ఉంటే ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ. షాపులకీ ఇది వర్తిస్తుంది. కానీ బిల్డర్ దగ్గర డబ్బే లేకపోతే ఆర్డర్ వచ్చినా వసూలు ఎలా? తెలంగాణ రెరాలో ఆర్డర్ తెచ్చుకుని, రెవెన్యూ రికవరీ (భూమి శిస్తు బకాయిలా ప్రభుత్వమే వసూలు చేసే పద్ధతి) ద్వారా నిజంగా డబ్బు చేతికందినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. బతుకుతెరువు కోసం కొన్న షాపైతే వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చంటున్నారు. రెండింట్లో ఏది మేలు? మిగతా కొనుగోలుదారులందరం కలిసి వేస్తే బలం ఉంటుందా, విడివిడిగానే వేయాలా? అనుభవం ఉన్నవాళ్లు, లాయర్లు దయచేసి చెప్పండి. వచ్చే వారం బిల్డర్ మమ్మల్ని గడువు పొడిగింపు కాగితం మీద సంతకానికి రమ్మన్నాడు, పెట్టొచ్చా అన్నది ముందు తెలియాలి.