స్పానిష్‌లో పశువుల పేర్లు గుర్తుండే దారి చెప్పండి

నాలుగు నెలలుగా స్పానిష్ సొంతంగా నేర్చుకుంటున్నాను. పలకరింపులు, అంకెలు తేలిగ్గానే వచ్చాయి. పశువుల దగ్గరకు వచ్చేసరికి బండి ఆగిపోయింది.

చివర ‘ఓ’ వస్తే మగ, ‘ఆ’ వస్తే ఆడ అనే సూత్రం పట్టుకుని బయలుదేరాను. గుర్రం ‘కబాయో’ కదా, ఆడగుర్రం ‘కబాయా’ అనుకున్నాను. కాదట, ‘యేగ్వా’! గొర్రె ‘ఓవేహా’, పొట్టేలు ‘కార్నేరో’, గొర్రెపిల్ల ‘కోర్దేరో’. చివరి రెండూ నా నోట్లో రోజూ తారుమారవుతున్నాయి. ఆవు, ఎద్దు, ఆంబోతులకు మాత్రం మనలాగే మూడు వేర్వేరు మాటలున్నాయి: వాకా, బువే, తోరో. ‘వాకా’ను వాళ్లు దాదాపు ‘బాకా’ అని పలుకుతారు కాబట్టి, బాకా ఊదే ఆవును ఊహించుకున్నాను. ఇక జన్మలో మరచిపోను. మిగతావాటికి అలాంటి కొండగుర్తులు దొరకడం లేదు. మీ దగ్గర ఉంటే, ఎంత వింతవైనా సరే, చెప్పండి.

ఇంకో చిక్కు. పుస్తకంలో పంది ‘సెర్దో’. అర్జెంటీనా వీడియోల్లో ‘చాంచో’ అంటున్నారు. వ్యవసాయ క్షేత్రానికైతే గ్రాంహా, ఫింకా, చాక్రా, ఎస్తాన్సియా అని బోలెడు మాటలు. పెరూ, అర్జెంటీనా రైతులతో మాట్లాడాలని నా కోరిక. వీటిలో చిన్న కమతానికి ఏది వాడాలి, పెద్ద పశువుల క్షేత్రానికి ఏది? అక్కడ ‘గ్రాంహా’ అంటే నవ్వుతారా?