టేకు చేపా, చెట్ల తెగులా? డబ్బు ముందు దేనికి పెట్టాలి

ఎంవీపీవాసి:
మాంటా టేకు చేపను (ఇంగ్లీషులో మాంటా రే, రెక్కల్లాంటి మొప్పలతో ఈదే పెద్ద సముద్రపు చేప) కాపాడాలంటూ బీచ్ రోడ్డులో సంతకాలు సేకరిస్తున్నారు. ఎప్పుడో గానీ కంటపడని చేపకి ఇంత హడావుడి దేనికి? ఆ ఖర్చేదో చెట్లను చంపే ఫంగస్ మీద పెట్టండి. 1904లో న్యూయార్క్‌లో చెస్ట్‌నట్ చెట్లకి తెగులు కనిపించింది. యాభై ఏళ్ళు తిరిగేసరికి 300 కోట్లకు పైగా చెట్లు పోయాయి. 2021లో మన వేపచెట్లు ఎలా ఎండాయో మరిచారా?

జాలరిపేట కుర్రోడు:
వేపలు చాలావరకు మళ్ళీ చిగిర్చాయి కదండీ. టేకు అలా కాదు. ఏడాదిపాటు కడుపులో మోసి ఒక్క పిల్లని పెడుతుంది, తర్వాతి కాన్పు ఏ రెండు మూడేళ్ళకో. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2020లోనే దీన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. మావాళ్ళు దీని కోసమని వేటకెళ్ళరు. వంజరం కోసం వేసిన వలకి ఇది చుట్టుకుంటుంది. ఈదుతూ ఉంటేనే దానికి ఊపిరి, కదల్లేకపోతే చావే. ఒకవేళ ప్రాణంతో ఉన్నా, వల కోసి వదిలితే ఆ నష్టం ఎవరిస్తారు? పైగా ఎండబెట్టిన మొప్పలకి చైనా మందుల వ్యాపారంలో మంచి ధర.

సాగర్‌నగర్:
ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉందిగా, చాలదా?

జాలరిపేట కుర్రోడు:
అది వేలూ లక్షలూ గుడ్లు పెట్టే చేపలకి, రొయ్యలకి పనికొస్తుంది గురూ. ఒక్క పిల్లని కనేదానికి రెండు నెలలు ఏ మూలకి?

పోర్టు గుమస్తా:
అసలు రెండిటికీ పోటీ పెట్టడమే నాకు నచ్చలేదు. ఫంగస్ మీద డబ్బు అది రాకముందే పెట్టాలి, అడవిలో పాకాక ఎంత పోసినా దండగే. చెస్ట్‌నట్ తెగులు అమెరికా చేరింది ఆసియా నుంచి తెప్పించిన నర్సరీ మొక్కలతో. సరుకుతో దిగే చెక్కపెట్టెల మీద గోధుమ కంకి ముద్ర చూశారా? చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందనో, మందు పొగ పట్టించారనో గుర్తు. జాగ్రత్తంతా అక్కడే.

ఎంవీపీవాసి:
వేప తెగులు ఇప్పటికే ఇక్కడుంది సార్. వానతో, విత్తనాలతో పాకుతోంది. దానికి మీ ముద్ర ఏం చేస్తుంది?

పోర్టు గుమస్తా:
ఏమీ చేయదు. ఎండిన కొమ్మలు కొట్టి కాల్చాలి, మందు చల్లాలి. అది నగరపాలక సంస్థ పని. టేకు సంతకాలు ఆపితే ఆ పని జరుగుతుందా?

జాలరిపేట కుర్రోడు:
మహారాష్ట్రలో 2018 నుంచి, రక్షిత జీవిని వదలడానికి వల కోస్తే గరిష్ఠంగా 25,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ కాగితంలో ఆ డిమాండ్ రాయించండి, మా పేటంతా సంతకం పెడుతుంది.