హెచ్‌ఓ నమూనా రైళ్ల బల్లకు ఏ ప్లైవుడ్ వాడాలి?

ప్రశ్న:
విశాఖపట్నంలో మా మేడగదిలో అసలు రైలులో 87వ వంతు (1:87) పరిమాణం గల హెచ్‌ఓ రైళ్ల కోసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల బల్ల చేయించదలచాను. నిరుడు వేయించిన 6 మి.మీ. ప్లైవుడ్ వానాకాలంలో నడుమ కుంగిపోవడంతో, బండి సరిగ్గా అక్కడికి రాగానే పెట్టెల కొక్కెం ఊడిపోయేది. ఈసారి ఎలాంటి చెక్క తీసుకోవాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

మొదటి జవాబు:
ఐఎస్ 710 (తేమను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి, సముద్రపు గాలికి మామూలు రకం త్వరగా పొరలు విడుస్తుంది. అయితే అసలు బలం కింది చట్రానిదే. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు గల పట్టీలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, 16 అంగుళాలకు ఒకటి చొప్పున బిగించమనండి. పట్టాల కరెంటు తీగలు దూర్చే రంధ్రాలను పట్టీలు బిగించక ముందే వేయించండి, లేకపోతే తరువాత బల్ల కింద వెల్లకిలా పడుకుని కళ్లలో రంపపుపొట్టు రాల్చుకోవలసి వస్తుంది.

రెండవ జవాబు:
పట్టాల అతుకుల దగ్గర కాగితం మందమంత సందు వదలండి. బల్లను గోడకు ఆనిస్తే 4 అడుగుల వెడల్పు వద్దు, అవతలి అంచున బండి పడిపోతే చేయి అందదు. 3 అడుగులలోనూ 360 మి.మీ. వ్యాసార్ధపు మలుపు ఇముడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. వెడల్పు తగ్గించి, పట్టీలు నిలబెట్టే చేయిస్తాను.